అలవాట్లు: లేవు

ఆ ఎండాకాలం నేను రెండు కాగితాల మీద రెండు తప్పులు రాశాను. ఒకటి గంగయ్య అనే బాతులవాడి మరణ కాగితం. రెండోది మా నాన్నగారి కేసు షీటు. ఇప్పటికీ ఎవరైనా పెన్ను చేతికిచ్చి ఫారం నింపమంటే ఒక్క నిమిషం ఆగుతాను. డాక్టరమ్మకి సంతకం పెట్టడానికి కూడా ముహూర్తం కావాలని మావాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

అది తొంభై అయిదు. సారా అంతకుముందే పోయింది. ఆ జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చి బ్రాందీ షాపులు కూడా మూతపడ్డాయి. యానాం మన రాష్ట్రం కాదు కాబట్టి అక్కడ దొరికేది. ఉన్నవాళ్ళకి అక్కణ్ణించి సీసాలు వచ్చేవి. లేనివాళ్ళు గోదావరి లంకల్లో కాచే దొంగసారా వెతుక్కునేవాళ్ళు. అది కూడా దొరకనివాళ్ళు రెండు మూడు రోజులు ఒణికి, చెమటలు పట్టి, లేనివాటిని చూసి కేకలు పెడుతూ మా దగ్గరకి వచ్చేవాళ్ళు.

మా దగ్గర అంటే భీమవరానికీ పాలకొల్లుకీ మధ్య ఒక చిన్న సర్కారు ఆసుపత్రి. ఊరి పేరు చెప్పను. అక్కడ నేను క్యాజువాలిటీ డాక్టరుని. ఇరవై ఏడేళ్ళు, ముక్కు మీద కోపం, కాలు ఒకచోట నిలవదు. మంచానికీ మంచానికీ మధ్య నేను తిరిగే తిరుగుడు చూసి సిస్టర్ కాంతమ్మ, “కూర్చోండమ్మా, మీరు తిరుగుతుంటే పేషెంట్లకి కళ్ళు తిరుగుతున్నాయి” అనేది.

మాకు చదువులో గుండె గురించి చెప్పారు, ఊపిరితిత్తుల గురించి చెప్పారు. మీద పడి కొరికే మనిషిని ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పైఆఫీసుకి ఉత్తరం రాశాను. ఇలాంటి కేసులు రోజుకి రెండు మూడు వస్తున్నాయి, మాకు శిక్షణ ఇప్పించండి, మందులు పంపండి అని. నెల తర్వాత ఒక కట్ట వచ్చింది. విప్పి చూస్తే గోడకి అంటించే కాగితాలు. ‘ఆసుపత్రి ఆవరణలో అల్లరి చేయువారు శిక్షార్హులు.’ పేషెంటు అది చదువుకుని బుద్ధిగా పడుకుంటాడని వాళ్ళ ఉద్దేశం కాబోలు.

కాబట్టి మాకున్న ఏర్పాటల్లా బుల్లియ్య ఒక్కడే. మగ వార్డు అటెండరు, యాభై ఏళ్ళవాడు. ఆసుపత్రిలో చేరకముందు గోదావరి రేవులో పడవ నడిపేవాడు. మనిషి కొంచెం గింజుకుంటే చాలు, కట్టు గుడ్డ తీసి కాళ్ళకీ చేతులకీ నాలుగు ముళ్ళు వేసేవాడు. అది పడవ కట్టే ముడి. గింజుకుంటే బిగుస్తుంది, ఒక కొస పట్టుకుని లాగితే చప్పున ఊడుతుంది. “రేవు ముడండి, గాలివానకి కూడా ఊడదండి” అని గొప్పగా చెప్పేవాడు. నాకూ గొప్పగానే ఉండేది.

క్యాజువాలిటీ బెంచీ మీద ఎప్పుడూ ఒక కానిస్టేబులు ఉండేవాడు. తాగాడని డాక్టరు రాసిస్తే అతనికి కేసు. అతన్ని చూడగానే పేషెంటు తాలూకు వాళ్ళందరిదీ ఒకటే పాట. “ఛ ఛ, మావాడికి అలవాటే లేదండి.” నేను కూడా అక్కడే, అందరిలో, గట్టిగా అడిగేదాన్ని. వాళ్ళు అబద్ధం చెప్పేవాళ్ళు. అది అబద్ధమని నాకు తెలుసు. అందుకని నా ఇష్టం వచ్చింది నేను రాసుకునేదాన్ని.

గంగయ్యని ఏప్రిల్లో ఒక బుధవారం పొద్దున పది గంటలకి తెచ్చారు. నలుగురు మోసుకొచ్చారు. బాతుల మందని కాలవ గట్ల వెంట తిప్పుకునే మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వొళ్ళంతా చెమట. బల్ల మీద నుంచి దూకి, గొంతు సన్నం చేసి బాతుల్ని పిలవడం మొదలెట్టాడు. మంచాల కింద వంగి వెతుకుతున్నాడు. “నూట పద్దెనిమిదే ఉన్నాయ్, రెండు తక్కువున్నాయ్” అంటున్నాడు. వార్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“బాగా వేసినట్టున్నాడు,” అన్నాడు కానిస్టేబులు, ఫారం బయటికి తీస్తూ.

గంగయ్య భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సన్నటి మనిషి. పేరు అచ్చాయమ్మ అని తర్వాత తెలిసింది. “తాగే అలవాటుందా?” అని దూరం నుంచే కేకేసి అడిగాను. ఆమె కానిస్టేబుల్ని చూసింది. “లేదండి” అంది.

“అందరూ లేదనే అంటారు. బుల్లియ్యా, కట్టెయ్. మత్తు దిగాక చూద్దాం.”

బుల్లియ్య కట్టాడు. వెల్లకిలా, రెండు చేతులు, రెండు కాళ్ళు. తాగినవాడికి మత్తు సూది ఇస్తే ఊపిరి మందగిస్తుందని భయపడి సూది కూడా ఇవ్వలేదు. ఒక సెలైను పెట్టి, ఇంకో ఇరవై మందిని చూశాను. ఒంటిగంటకి అన్నం తినడానికి వెళ్ళాను. క్యారేజీలో ఆ రోజు మామిడికాయ పప్పు. నేను తిరిగి వచ్చేసరికి గంగయ్య వాంతి చేసుకున్నాడు. తల తిప్పుకునే వీలు లేక అది లోపలికి పోయింది. బుల్లియ్య కొస లాగితే ముడి చప్పున ఊడింది. మేం ఎంత చేసినా లాభం లేకపోయింది.

మరణ కారణం గడిలో ‘మద్యం మత్తు’ అని రాశాను. సంతకం పెట్టాను. కాగితం వెళ్ళిపోయింది.

సాయంత్రం శవాన్ని రిక్షాలో ఎక్కిస్తున్నప్పుడు అచ్చాయమ్మ నా దగ్గరకి వచ్చింది. అప్పుడు కానిస్టేబులు లేడు.

“మూడు రోజులై ముట్టలేదండి,” అంది. “ఆదివారం కోరుకొండ మెట్లెక్కి నరసింహస్వామి ముందు ఒట్టేసి వచ్చాడండి. ఆ రోజునుంచి చుక్క ముట్టలేదండి. ఆ మాట చెప్దామంటే, ముందు తాగేవాడని ఒప్పుకోవాలి కదండి. పోలీసాయన ఉన్నాడని భయమేసిందండి.”

ఇంటికెళ్ళి పుస్తకం తీశాను. తెలియని పేజీ కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పేజీయే. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే రెండో రోజో మూడో రోజో సన్నిపాతం వస్తుంది. ఒణుకు, చెమటలు, లేనివి కనబడటం. మత్తు సూది ఇవ్వాలి, బి విటమిను ఇవ్వాలి, వెలుతురున్న గదిలో ఉంచాలి, తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని మాట్లాడాలి. తాగినవాడు అలా బాతుల్ని లెక్కపెట్టడు. ఆ మాత్రం నాకు తట్టలేదు.

పదిరోజుల తర్వాత అచ్చాయమ్మ మళ్ళీ వచ్చింది. అందరూ వెళ్ళేదాకా గోడ వారన నిలబడింది.

“తాగి పోయాడని రాశారంటండి. ఒట్టు తప్పాడు, అందుకే స్వామి తీసుకెళ్ళాడని ఊరంతా అంటున్నారండి. దొంగసారా నేనే తెచ్చి పోశానని మా అత్త నన్ను ఇంట్లోంచి పొమ్మందండి. బాతుల పాకలో పడుకుంటున్నానండి. ఆ ఒక్క మాట దిద్దండమ్మా. ఆయన ఒట్టు తప్పలేదండి.”

“ఒకసారి వెళ్ళిన కాగితం మళ్ళీ దిద్దడం కుదరదమ్మా,” అన్నాను. కుదురుతుంది. దిద్దితే నేను చేసింది కూడా రాయాలి. ఆమె నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆ నమస్కారం నాకు వారం రోజులు అన్నం సయించనివ్వలేదు.

దిద్దాల్సిన కాగితం దిద్దకుండా, ఆసుపత్రినంతా దిద్దడం మొదలెట్టాను. కానిస్టేబులు బెంచీని సైకిల్ స్టాండు దగ్గరకి మార్పించాను. సూపర్నెంటు దొరబాబుగారి బల్ల ముందు రోజూ నిలబడి, పోరి, మత్తు సూదులు, విటమిను సూదులు, సుగరు చూసే పట్టీలు తెప్పించాను. “నీ పోరు పడలేకపోతున్నానమ్మా, తీసుకో,” అని ఆయన సంతకం పెట్టారు. ఒక గ్లూకోజు అట్టపెట్టె మూత చింపి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి బల్ల పక్కన వేలాడదీశాను.

చివరిసారి ఎప్పుడు తాగాడు?
సుగరు ఉందా?
చేలో ఏ మందు కొట్టాడు?
కట్టడం ఆఖరున.

ఈ ప్రశ్నలు అందరిలో అడగకూడదు. పేషెంటు తాలూకు ఆడమనిషిని ఒక్కదాన్నే వెనక బాదంచెట్టు కిందకి తీసుకెళ్ళి మెల్లిగా అడగాలి. ఎవరి పేషెంటైనా సరే. కొత్తలో సిస్టర్ కాంతమ్మ, “ఇదేమన్నా పెళ్ళిచూపులా అమ్మా?” అంది. కానీ చెట్టు కింద ఆడవాళ్ళు నిజం చెప్పేవాళ్ళు. ఎప్పుడు మానాడో, ఎంత తాగేవాడో, ఎక్కడ దాచేవాడో, అన్నీ చెప్పేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు అందరం కలిసి అభ్యాసం చేశాం. బుల్లియ్యని పేషెంటు వేషం వెయ్యమన్నాను.

“నేనాండి?”

“నువ్వే. కేకలు పెట్టు.”

మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత అందుకున్నాడు. “ఎవడ్రా నన్నాపేది! రేవులో నన్ను చూస్తే గోదారి పక్కకి తప్పుకునేది!” అని బల్ల గుద్దాడు. కాంతమ్మ నిజంగానే భయపడి తలుపు వెనక్కి వెళ్ళింది. కానిస్టేబులు ఫారం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఎవరు తల దగ్గర ఉండాలి, ఎవరు మాట్లాడాలి, ఎవరు సూది తియ్యాలి అన్నీ చేసి చూశాం. ఆఖరున, ఇక తప్పదనుకుంటే కట్టడం. కాంతమ్మ చేత బుల్లియ్యని కట్టించాను, అతని ముడితోనే.

వెల్లకిలా కట్టిన బుల్లియ్య పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి, “అమ్మగారండి, ఇలా ఉంటే ఉమ్ము కూడా మింగలేకపోతున్నానండి,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. కాంతమ్మ వంగి కొస లాగింది. అతను లేచి మణికట్లు రుద్దుకుంటూ బయటికి వెళ్ళి కుళాయి కింద మొహం కడుక్కున్నాడు. ఇక మీదట కట్టాల్సి వస్తే పక్కకి తిప్పే కట్టాలని అట్ట మీద మరో ముక్క చేర్చాను.

మే నెల వచ్చింది. రోహిణి కార్తె ఇంకా రాకుండానే ఆకాశం మండిపోతోంది. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకి చెరువులు తేలిపోతున్నాయి. మా నాన్నగారు సత్యనారాయణరాజుగారికి మూడు చెరువులు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటరు ఆగితే రొయ్య బతకదని ఆయన రాత్రింబవళ్ళు చెరువు మీద మకాంలోనే ఉండేవారు. మకాం అంటే గట్టు మీద ఒక రేకుల గది, ఒక నులక మంచం, ఒక చెక్క బీరువా. ఆ బీరువా తాళం ఆయన మొలతాడుకి ఉండేది. చీకటి పడే వేళకి మేం ఎవరం మకాం వైపు వెళ్ళేవాళ్ళం కాదు. ఎందుకు వెళ్ళకూడదో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రొయ్యల ఫీడు తెచ్చే వ్యాను యానాం మీదుగా ఎందుకు వస్తుందో కూడా అడగలేదు. ఆయన ఇంటికి ఎప్పుడొచ్చినా స్నానం చేసి, విభూతి పెట్టుకుని, తెల్ల పంచెతో వచ్చేవారు. ఊళ్ళో ఆయన ముందు ఎవరూ చుట్ట కూడా కాల్చరు.

ఒక శుక్రవారం తెల్లవారగట్ల ఆయన గట్టు మీద నుంచి జారి పడ్డారు. మోకాలి కింద ఎముక విరిగింది. భీమవరంలో మంచి ప్రైవేటు ఆసుపత్రులున్నాయి. “అమ్మాయి ఉండగా ఇంకోచోటికెందుకు?” అని ఆయనే మా ఆసుపత్రికి రమ్మన్నారు. దొరబాబుగారు పిండికట్టు వేశారు. కేసు షీటు నేనే రాశాను. పేరు, వయసు, ఊరు. సుగరు లేదు. బీపీ లేదు. తర్వాత గడి, అలవాట్లు.

మా అమ్మ సుబ్బాయమ్మ ఫ్లాస్కు పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. నా పెన్ను ఆగలేదు. ‘లేవు’ అని రాసి కింద గీత గీశాను. ఆ నెలలో ఎంతమంది భార్యల్ని బాదంచెట్టు కిందకి తీసుకెళ్ళానో నాకే తెలియదు. మా అమ్మని తీసుకెళ్ళలేదు. కూతురు తండ్రి గురించి ఆ మాట అడుగుతుందా?

ఆదివారం ఆయన చేతులు ఒణికాయి. నొప్పి వల్ల అనుకున్నాను. చెమటలు పట్టాయి. ఎండ అనుకున్నాను. అన్నం వద్దన్నారు. దుప్పటి మీద ఏదో దులుపుతూనే ఉన్నారు. ఇంకెవరైనా అయితే పది అడుగుల దూరం నుంచే చెప్పేదాన్ని. నాన్నగారి మంచం దగ్గర నేను డాక్టరుని కాదు, చెప్పిన మాట వినే కూతుర్ని.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఆ చప్పుడు ఆగగానే వార్డులోంచి కేక వినపడింది. ఆ గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు.

“ఏరేటరు ఆగిపోయింది! ఒరేయ్, ఇంజను వెయ్యండ్రా! రొయ్య తేలిపోతోంది!”

నేను పరిగెత్తాను. నాన్నగారు మంచం మీద లేచి కూర్చుని పిండికట్టు కాలుని కిందకి దించుతున్నారు. సెలైను సూది పీకేశారు. చేతి మీద నుంచి రక్తం కారుతోంది. దుప్పటి మీద నుంచి రెండు వేళ్ళతో ఏవో ఏరి నా మొహానికి చూపించారు. “చూడు, మచ్చలు. అన్నిటికీ మచ్చలే.”

“నాన్నగారూ, నేనండి, మంజుషని.”

“ఎవరే నువ్వు? ఆడపిల్లవి, చెరువు మీదకి ఎందుకొచ్చావు? ఫో!” అని చేతికందిన స్టీలు ట్రే విసిరారు. అది నా భుజానికి తగిలి కింద పడింది. అమ్మ గోడకి అతుక్కుపోయింది. పక్క మంచాల వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన ఒంటికాలి మీద లేవబోతున్నారు. లేస్తే ఎముక చర్మం చీల్చుకు వస్తుంది.

సిస్టర్ కాంతమ్మ కట్టు గుడ్డలు తెచ్చింది. బుల్లియ్య వాటిని అందుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“రాజుగారి చేతులు నేను కట్టలేనండి అమ్మగారూ.”

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, హాయిగానే అనిపించింది. మా నాన్నగారి చేతులు ఎవరూ కట్టరు. ఆ వెంటనే ఏం చెయ్యాలో తోచలేదు. నేను ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాను. నేనే రాసిన అట్ట, నేనే నేర్పిన అభ్యాసం, ఒక్కటీ గుర్తు రాలేదు.

కాంతమ్మకి గుర్తుంది. అభ్యాసంలో మొదటి ప్రశ్న ఆమెదే. మెల్లిగా, తల వంచుకుని, మా అమ్మతో, “చివరిసారి ఎప్పుడు తాగారమ్మా?” అంది.

“సిస్టర్!” అని అరిచాను. “ఎవరి గురించి మాట్లాడుతున్నావో తెలుస్తోందా?”

ఆమె నా వంక చూసింది. “తెలుసమ్మా. ఎవరి పేషెంటైనా సరే అన్నారు కదండి మీరు.”

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. వెనక తలుపులోంచి బాదంచెట్టు కిందకి తీసుకెళ్ళాను. కింద ఎర్రటి ఆకులు రాలి ఉన్నాయి.

“అమ్మా, నాన్నగారు ఆఖరున ఎప్పుడు పుచ్చుకున్నారు?”

“గురువారం సాయంత్రం,” అంది అమ్మ, ఎప్పటినుంచో ఆ ప్రశ్న కోసం చూస్తున్నట్టు. “శుక్రవారం పొద్దున్నేగా పడ్డారు.”

“ఎంత?”

చేతిలో ఫ్లాస్కు ఉంది. దాని మీద వేలితో గీత గీసి చూపించింది. సగానికి పైనే.

“రోజూనా?”

“నువ్వు హైస్కూల్లో ఉన్నప్పటినుంచీ.”

“నాకెందుకు చెప్పలేదమ్మా? శుక్రవారం నేను రాస్తుంటే పక్కనే ఉన్నావుగా?”

“నువ్వు అడగలేదుగా,” అంది అమ్మ. “డాక్టరువి. తెలిసే రాయలేదేమో, పరువు కోసం అనుకున్నాను.”

లోపలికి వచ్చేసరికి బుల్లియ్య నేల మీద, నాన్నగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. పిండికట్టు కాలిని రెండు చేతులతో ఆనించి పట్టుకున్నాడు. తల పైకెత్తి మెత్తగా మాట్లాడుతున్నాడు. “రాజుగారండి, నేను బుల్లియ్యనండి. ఇది ఆసుపత్రండి. చెరువు దగ్గర మనుషులున్నారండి. ఇంజను వేస్తారండి. ఆయ్, మీరు కాలు కదపకండి.” ఒకటే మాట, పదిసార్లు, విసుగు లేకుండా. కాంతమ్మ కిటికీలన్నీ తెరిచి వెలుతురు రానిచ్చింది. జనాన్ని బయటికి పంపేసింది. నేను సుగరు చూశాను. విటమిను సూది, తర్వాత మత్తు సూది కొంచెం కొంచెంగా, ఊపిరి చూసుకుంటూ ఇచ్చాను. అమ్మ తల దగ్గర కూర్చుని చీరకొంగుతో చెమట తుడిచింది. ఆయన మధ్యలో రెండుసార్లు లేవబోయారు. బుల్లియ్య మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. “రాజుగారండి, నేను బుల్లియ్యనండి.”

నలభై నిమిషాలు పట్టింది. ఆయన పక్కకి తిరిగి పడుకున్నారు. చేతులు రెండూ దుప్పటి మీద ఖాళీగా ఉన్నాయి.

నేను గడియారం చూశాను. నలభై నిమిషాలు. గంగయ్య నా దగ్గర పది నుంచి ఒంటిగంట దాకా ఉన్నాడు.

బయట మెట్ల మీద బుల్లియ్య బీడీ వెలిగించుకోబోయి నన్ను చూసి దాచుకున్నాడు.

“గంగయ్య నీకు తెలుసా?” అని అడిగాను.

“తెలుసండి. బాతుల్ని నా పడవ మీదే దాటించేవాడండి. మంచోడండి.”

“మరి ఎలా కట్టావు?”

“మీరు కట్టమన్నారు, కట్టానండి.”

“ఇవాళ కట్టమని ఉంటే?”

“రాజుగారినాండి?” అతను నేల చూపులు చూశాడు. “కట్టేవాణ్ణి కాదండి. ఉద్యోగం పోయినా సరేనండి.” బీడీ జేబులో పెట్టుకుంటూ, “గంగయ్యని కూడా కట్టనంటే మీరేమనేవారండి?” అన్నాడు.

తిట్టేదాన్ని. అది ఇద్దరికీ తెలుసు.

గురువారానికి నాన్నగారికి పూర్తిగా తెలివి వచ్చింది. కాఫీ తాగి, మీసం దువ్వుకుని, అమ్మని బయటికి పంపించారు.

“పక్క మంచం ఆయన చెప్పాడు,” అన్నారు. “ఇక్కడ ఇలాంటివాళ్ళని కడతారటగా. నన్నెందుకు కట్టలేదమ్మా?”

“అవసరం రాలేదండి.”

“బాతులాయనకి వచ్చిందా?”

నేను సెలైను గొట్టం సర్దాను. అది సరిగ్గానే ఉంది.

“నా కాగితం ఏదీ, ఇలా ఇయ్యి.” కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. ఒకచోట ఆగారు. తర్వాత కాగితం నా ఒళ్ళో పెట్టి, కిటికీ వైపు తిరిగి, “దిద్దు. పదిహేనేళ్ళు అని రాయి,” అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఏడుపు వచ్చింది. ఆయన ముందు ఏడవలేక పెన్ను మూత కోసం వెతుకుతున్నట్టు వంగాను.

మా ఇంట్లో ఆ మాట పైకి అనడం ఆ రోజుతో మొదలైంది. ఆయన మానారు, ఏడాది తర్వాత మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ మానారు. మకాం బీరువా తాళం మాత్రం అమ్మ చేతికి వచ్చింది. ఆయన ఒణికిన రోజున అమ్మ నాకు ఫోన్ చేసి, “నిన్న సాయంత్రం నుంచీ లేదు” అని సూటిగా చెప్పేది.

ఆ గురువారం మధ్యాహ్నమే నేను దొరబాబుగారి గదిలోకి వెళ్ళాను. గంగయ్య కాగితం మళ్ళీ రాశాను. మద్యం మత్తు కొట్టేశాను. ‘మూడు రోజులుగా మద్యం మానివేసినందువలన సన్నిపాతం. వెల్లకిలా కట్టి ఉంచగా వాంతి ఊపిరితిత్తులలోకి పోయి మరణం. కట్టినది డ్యూటీ డాక్టరు ఆదేశంపై’ అని రాసి కింద పేరు, సంతకం, తేదీ వేశాను.

దొరబాబుగారు రెండుసార్లు చదివారు. “చివరి వాక్యం అక్కర్లేదేమోనమ్మా. ఎంక్వయిరీ వేస్తారు.”

“వెయ్యనివ్వండి,” అన్నాను. వేశారు కూడా. అది మరో కథ, అందులో నేను చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు ఆ కాగితం నకలు తీసుకుని లూనా మీద అచ్చాయమ్మ ఊరు వెళ్ళాను. కాలవ గట్టు మీద తాటాకిల్లు. అచ్చాయమ్మ బాతుల పాక ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి నిలబడింది. అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. గంగయ్య తల్లి.

“మీ అబ్బాయి గురించి రాసిన కాగితం చదువుతానండి,” అన్నాను.

మొత్తం చదివాను. ఆఖరి వాక్యం దాకా. నా కాళ్ళు అటూ ఇటూ కదులుతూనే ఉన్నాయి. ముసలామె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వింది.

“అయితే మావోడు తాగలేదా?”

“తాగలేదండి. మూడు రోజులై ముట్టలేదు.”

“ఒట్టు తప్పలేదా?”

“తప్పలేదండి.”

“ఈ పిల్ల పోయలేదా?”

“లేదండి.”

ముసలామె కాలవ వైపు చూసింది. అచ్చాయమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

“మరి కట్టిందెవరు?”

“బుల్లియ్య అని మా అటెండరు…” అని మొదలెట్టి ఆగిపోయాను. “నేనేనండి. కట్టమన్నది నేనే. కట్టించి అన్నానికి వెళ్ళాను.”

ముసలామె నన్ను చూసింది. తిట్టలేదు. అరుగు మీద నుంచి మెల్లిగా లేచి, గుమ్మం పట్టుకుని, కోడలి వైపు తిరిగింది.

“లోపలికి రాయే. గింజలు నానబెట్టాలి.”

అచ్చాయమ్మ పాకలోకి వెళ్ళి తన మూట తెచ్చుకుంది. నా పక్కనుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగి చూసింది, ఈసారి నమస్కారం పెట్టలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు.

మా జిల్లాలో ఇంటికొచ్చిన మనిషికి, శత్రువైనా సరే, ముందు మంచినీళ్ళిస్తారు. ఎండలో వచ్చాను, నాలుక పిడచకట్టుకుపోయింది. ఇస్తారేమోనని కాసేపు వాకిట్లో నిలబడ్డాను. లోపల గింజలు గిన్నెలో పోస్తున్న చప్పుడు వినపడుతోంది. ఎవరూ రాలేదు. అది న్యాయమేనని నాకు తెలుసు.

తడిక తెరిచి ఉండటంతో బాతులు ఒకదాని వెనక ఒకటి నా కాళ్ళ పక్కనుంచి కాలవలోకి దిగుతున్నాయి. ఆఖరిది దిగేదాకా నేను అక్కడే నిలబడి లెక్కపెట్టాను. నూట పద్దెనిమిది ఉన్నాయి, గంగయ్య చెప్పినన్ని.